భోజనాల గది నుంచి ఆటల హాలు దాకా

అక్టోబరులో మొదలైన ఫోన్లు జనవరి దాటుతున్నా ఆగలేదు. పొద్దున గిన్నెలు కడుగుతుంటే ఒకటి, మధ్యాహ్నం కాస్త కునుకు పట్టేలోగా ఒకటి, సాయంత్రం పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతుంటే ఇంకొకటి. ప్రతి ఫోనూ ఆర్లో కోసమే.

"ఆర్లో గారితో మాట్లాడొచ్చాండీ?"

"ఆయన లేరు."

"ఎప్పటికొస్తారండీ?"

మొదట్లో లవోన్ ఓపికగా చెప్పేది, నా భర్త పోయిన మార్చిలో చనిపోయాడమ్మా అని. పదో ఫోనుకి ఆ ఓపిక కరిగిపోయింది. "చర్చి వెనక మూడో వరసలో ఉన్నాడు, వెళ్లి అడగండి" అనడం మొదలుపెట్టింది. అయినా మర్నాడు మళ్లీ ఫోను. ఒకామె మాత్రం ఆ మాట విని, "అయ్యో పాపం" అంది. లవోన్ మనసు కాస్త మెత్తబడేలోగానే, "పోనీ, ఆయన ఉండుంటే ఈసారి ప్రెసిడెంటు పదవికి ఎవరిని నిలబెట్టమనేవారో మీకేమన్నా తెలుసాండీ?" అని అడిగింది.

లవోన్ ఫోను పెట్టేసి దాని మీద తువ్వాలు కప్పింది. అది తువ్వాలు కింద నుంచి కూడా మోగింది.

ఇన్ని ఫోన్లలో ఒక్కరంటే ఒక్కరు, మరి మీరెవరి వైపండీ అని అడిగిన పాపాన పోలేదు. వాళ్లనీ అనడానికి లేదు. కాకస్‌కి వచ్చి సంతకం పెట్టిన వాళ్ల జాబితా ఒకటి వాళ్ల దగ్గర ఉంటుంది. అందులో లవోన్ పేరు లేదు. ఏడు కాకస్‌లకు వెళ్లిన మనిషి పేరు ఒక్క జాబితాలోనూ లేకపోవడం ఏమిటంటే, అది కాఫీ వల్ల.

ఐయోవాలో నాలుగేళ్లకోసారి, మంచు గడ్డకట్టే రోజుల్లో, ఒక సోమవారం సాయంత్రం సరిగ్గా ఏడింటికి ప్రతి ఊళ్లోనూ జనం గుమిగూడతారు. ప్రెసిడెంటు పదవికి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో చెప్పడానికి. దాన్నే కాకస్ అంటారు. లవోన్ వాళ్ల ఊరు ఎల్డర్ క్రీక్‌లో ఉన్నది ఒక్కటే బడి. అందుకని రిపబ్లికన్లు ఈ చివర భోజనాల గదిలో, డెమొక్రాట్లు ఆ చివర ఆటల హాలులో కూర్చుంటారు. మధ్యలో ఒక పొడుగాటి వరండా, గోడ పొడుగునా పిల్లలు గెలిచిన కప్పుల అద్దాల బీరువాలు. మహా అయితే వంద అడుగులు. కాకస్ రోజున ఆ వంద అడుగులు ఒక్కసారి కూడా నడవకుండానే పుట్టి, పెరిగి, పోయినవాళ్లు ఆ ఊళ్లో చాలామంది ఉన్నారు.

ఆర్లో ఇరవై ఎనిమిదేళ్ల పాటు ఊరి రిపబ్లికన్లకు పెద్ద. మొక్కజొన్న, పందుల పెంపకం, పార్టీ, ఇవి మూడే అతని లోకం. అతను సభ నడిపితే లవోన్ కాఫీ పెట్టేది. పొడిలో కోడిగుడ్డు కొట్టి పెంకుతో సహా కలిపి, పల్చటి గుడ్డలో మూట కట్టి, చర్చి వాళ్ల అరవై కప్పుల కరెంటు పాత్రలో దించేది. చేదు లేకుండా, తేనెరంగులో దిగేది కాఫీ. దానితో పాటు వేరుశెనగ ముద్ద, మరమరాలు కలిపి పైన చాక్లెట్ పోసి కోసిన బిళ్లలు. ఆ బిళ్లలు కోసే సమయానికే అక్కడ సంతకాలూ ఉపన్యాసాలూ అయిపోయి ఓటు చీటీలు పంచేవారు. ఆమె చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసరికి చీటీల డబ్బా తిరిగి బల్ల మీదికి చేరిపోయేది. మొదటిసారి ఆర్లో నుదురు కొట్టుకున్నాడు, "అరెరే, నీ చీటీ మర్చిపోయామే!" అని. రెండోసారి నుంచి అదీ లేదు. నిజం చెప్పాలంటే లవోన్ కూడా పెద్దగా పట్టించుకోలేదు. ఒక్కోసారి, కప్పులు కడిగేటప్పుడు మాత్రం, నేనైతే ఎవరి పేరు రాసేదాన్ని అనుకునేది. జవాబు దొరికేలోగా కప్పులు అయిపోయేవి.

తర్వాత ఆర్లోకి పక్షవాతం వచ్చింది. ఎడమ సగం పడిపోయింది, మాట పోయింది. ఆరేళ్లు మంచం మీద. పేరుకు పెద్ద అప్పుడూ అతనే; మధ్యలో వచ్చిన కాకస్‌కి తమ్ముడు సభ నడిపినా, కాఫీ మాత్రం లవోనే వెళ్లి పెట్టి వచ్చింది. ఒళ్లు పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్క మార్చాలి. లవోన్ గడియారంలో అలారం పెట్టుకుని లేచేది. పన్నెండు, రెండు, నాలుగు, ఆరు. చర్చిలో కనపడినవాళ్లు, అంగట్లో కనపడినవాళ్లు, చివరికి పందులకు సూది వేయడానికి వచ్చిన డాక్టరు కూడా, "ఆర్లో ఎలా ఉన్నాడు?" అని అడిగేవారు. "ఉన్నాడు" అనేది లవోన్. ఇంకేం చెప్తుంది!

అతను పోవడానికి రెండు నెలల ముందు, ఒక గురువారం, చర్చి తరఫున ఒకావిడ వచ్చి రెండు గంటలు అతని దగ్గర కూర్చుంటే, లవోన్ పశువుల సంత పక్కనున్న కాఫీ హోటలుకి వెళ్లింది. ఆపిల్ పై ముక్క ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది. అప్పుడే హారియట్ మెర్సర్ లోపలికి వచ్చింది. పడమటి రాష్ట్రమేదో నుంచి వచ్చిన సెనేటరట, డెమొక్రాటట, ప్రెసిడెంటు పదవికి నిలబడతానంటోందట. ఆ హోటల్లో ఉన్నది ఆరుగురు. అందులో ఇద్దరు వేరే రాష్ట్రం లారీ డ్రైవర్లు. అయినా బల్ల బల్లకీ వచ్చి చేయి కలిపింది.

లవోన్ ముందే చెప్పేసింది. "మీ సమయం దండగండీ. మేం రిపబ్లికన్లం. మా ఆయన ఇక్కడ వాళ్ల పెద్ద."

"ఇప్పుడెక్కడున్నారాయన?"

"మంచం మీద."

ఎలా ఉన్నారు అని అడుగుతుందనుకుని, ఉన్నాడు అనడానికి నోరు తెరిచింది లవోన్. ఆమె అది అడగలేదు.

"రాత్రిళ్లు ఆయన్ని పక్క మార్చేదెవరు?"

"నేనే."

"మరి మీరు నిద్రపోయేదెప్పుడు?"

"రెండేసి గంటలకోసారి లేవాలండీ" అంది లవోన్. ఆరేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. మెర్సర్ ఏమీ మాటివ్వలేదు, చేయి తట్టలేదు, మీలాంటివాళ్లే ఈ దేశానికి వెన్నెముక అనలేదు. చిన్న పుస్తకం తీసి, రెండేసి గంటలకా, అని మళ్లీ అడిగి రాసుకుంది. అంతే.

సెప్టెంబరులో టీవీలో పోటీదారులందరినీ వరసగా నిలబెట్టి వాదించుకోమన్నారు. చిట్టచివర నిలబెట్టిన మెర్సర్‌కి దక్కింది మూడు నిమిషాలు. "రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి, ఇంట్లో మనిషిని పక్క మార్చేవాళ్లు ఈ దేశంలో ఉన్నారు. ఏ లెక్కలోనూ వాళ్లు లేరు. నేను వాళ్లను లెక్కలోకి తెస్తాను" అంది. అప్పటికి ఆర్లో పోయి ఆరు నెలలు. అలారం తీసేసినా లవోన్‌కి పన్నెండుకీ రెండుకీ నాలుగుకీ మెలకువ వస్తూనే ఉంది. పక్క మార్చాల్సిన మనిషి లేడు. ఆ మాట విని ఆమె టీవీ కట్టేసి, చీకటి పడేదాకా వంటింట్లో కూర్చుంది.

ఆ రోజే నిర్ణయించుకుంది. ఈసారి డెమొక్రాట్ల హాలుకి వెళ్లి మెర్సర్ వైపు నిలబడాలి. ఒక్క ప్రశ్న అడిగినందుకు మనిషి పార్టీ మారిపోతుందా అని తనను తానే తిట్టుకుంది. ఆ ఒక్క ప్రశ్న ఇన్నేళ్లలో మన వాళ్లలో ఎవరైనా అడిగి ఉంటే వాళ్ల వైపే ఉండేదాన్ని కదా, అని తనే జవాబు చెప్పుకుంది. ఈలోగా మెర్సర్ పేరు పేపర్లో కింది నుంచి రెండోదైంది. ఐయోవాలో తేలకపోతే ఇంటికే అని రాశారు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆర్లో తర్వాత పెద్దరికం అతని తమ్ముడు డెల్మర్‌కి వచ్చింది. కాకస్‌కి నాలుగు రోజుల ముందు ఫోను చేశాడు.

"వదినా, సోమవారం ఆరింటికల్లా కాఫీ పాత్ర. ఈసారి జనం బాగా వచ్చేలా ఉన్నారు. బిళ్లలు రెండు పళ్లేలు చెయ్యి."

"డెల్మర్..."

"ఏంటి?"

"...అలాగే."

ఫోను పెట్టేశాక గుడ్ల బుట్ట ముందు నిలబడి తన తల తానే వాయించుకోవాలనిపించింది. అలాగేట, అలాగే! నలభై రెండేళ్ల కాపురంలో ఆ ఒక్క మాట నాలుక మీద అట్ట కట్టేసింది.

సోమవారం ఆరింటికి బడికి వెళ్లింది. పాత్రలో నీళ్లు పోసింది, మూట దించింది, మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. ఆ వంటగదిలో ఒక తిరకాసు ఉంది. పొయ్యి పైన పొగ లాగే ఫ్యానూ, కాఫీ పాత్రా ఒకే కరెంటు లైను మీద ఉన్నాయి. రెండూ ఒకేసారి వేస్తే లైను కొట్టేసి కరెంటు పోతుంది. ఆ సంగతి ఏడు కాకస్‌లుగా ఆమె ఒక్కదానికే తెలుసు. అందుకని కాగితం మీద పెద్ద అక్షరాలతో, 'ఫ్యాను వేయొద్దు' అని రాసి చక్కెర డబ్బాకి ఆనించింది. ఒక పళ్లెం బిళ్లలు బల్ల మీద పెట్టింది. రెండో పళ్లెం చేతుల్లోకి తీసుకుంది. ఎందుకు తీసుకుందంటే, పదిమంది కూడే చోటికి ఉత్త చేతులతో వెళ్లడం ఆమెకు ఈ జన్మలో చేతకాదు. ఆ పళ్లెమే ఆమె చేసిన తప్పు.

వరండాలో డెల్మర్ భార్య జోలీన్ ఎదురైంది. "అక్కా, ఎటు? గది ఇటు కదా."

"తెలుసు" అంది లవోన్, నడుస్తూనే.

ఆటల హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని వెండెల్ ప్రస్ కూర్చున్నాడు. బడిలో ముప్పై ఏళ్లు బ్యాండు నేర్పి రిటైరైనవాడు, డెమొక్రాట్ల పెద్ద. ఆమెను చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

"లవోన్! మాకు కూడానా? డెల్మర్‌కి ఇంత దయ ఎప్పుడు పుట్టింది? అదుగో, ఆ బల్ల మీద పెట్టెయ్."

పెట్టింది. వెనక్కి వచ్చి వరసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి వెండెల్ మళ్లీ నవ్వాడు.

"మర్చిపోయా, థాంక్సు. మీ భోజనాల గది..."

"భోజనాల గది ఎక్కడో నాకు తెలుసు, వెండెల్. దాని తొట్టి ఇరవై ఎనిమిదేళ్లుగా తోముతున్నా. పార్టీ మారే ఫారం ఇవ్వు."

వెండెల్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఎవరికి?"

"నా వెనక ఇంకెవరన్నా కనపడుతున్నారా?"

ఫారం ఇచ్చాడు. కలం రాయలేదు. ఇంకో కలం ఇచ్చాడు. అదీ రాయలేదు. వెనకున్నామె తన సంచీలోంచి పెన్సిలు తీసిచ్చింది, పెన్సిలు చెల్లదన్నారు. మూడో కలం రాసింది.

"ఆలోచించుకున్నావా, లవోన్? ఇవాళ్టి నుంచి నువ్వు డెమొక్రాటువి అయిపోతావు."

"నొప్పేమన్నా పుడుతుందా?"

"పుట్టదులే. కావాలంటే రేపే మళ్లీ వెనక్కి మారొచ్చు. ఇంకో ఫారం నింపాలి, అంతే."

"ఇంకో ఫారమా!" అంది లవోన్. ఆ కాస్త దూరం రావడానికే తల ప్రాణం తోకకొచ్చింది ఆమెకు. జాబితాలో సంతకం పెట్టింది. పేరు పూర్తిగా రాసింది, గొలుసుకట్టు లేకుండా, ఎవరికైనా తెలిసేలా.

ఏడింటికి తలుపులు మూశారు. అవతల గదిలోలాగా ఇక్కడ చీటీలు లేవు. ఎవరికి ఎవరు కావాలో వాళ్ల మూలకు పోయి అందరూ చూస్తుండగా నిలబడాలి. గవర్నరు ఒకాయన పోటీలో ఉన్నాడు, ఆయన వాళ్లు తలుపు వైపు. మేయరు ఒకాయన ఉన్నాడు, ఆయన వాళ్లు స్టేజీ కింద. మెర్సర్ వాళ్లు బాస్కెట్‌బాల్ బుట్ట కింద. ఏ గుంపులోనైనా వచ్చినవాళ్లలో నూటికి పదిహేను మందైనా లేకపోతే ఆ గుంపు చెల్లదు. వాళ్లు చెదిరి వేరే గుంపుల్లో కలవాలి, లేదా కోటు వేసుకుని ఇంటికి పోవాలి.

వెండెల్ సంతకాలు లెక్కపెట్టి నల్లబల్ల మీద రాశాడు. డెబ్భై ఎనిమిది మంది. గుంపు చెల్లాలంటే పన్నెండు మంది కావాలి.

బుట్ట కింద గుంపుకి పెద్ద మేవిస్, ఒకప్పుడు పోస్టాఫీసు నడిపినావిడ. లవోన్ రావడం చూసి ఆమె మొహం వెలిగింది. "అబ్బ, బిళ్లలు నువ్వు చేసినవేనా! కాగితం రుమాళ్లు తెచ్చావా?"

"తేలేదు. నిలబడటానికొచ్చా."

"కూర్చో, కూర్చో, కుర్చీ ఉంది."

"కాదు మేవిస్. నీ గుంపులో. నిలబడటానికి."

మేవిస్ అర్థం చేసుకునేలోపే గవర్నరు గుంపులోంచి గేలెన్ అనే పశువుల దాణా వ్యాపారి అరిచాడు. "ఏమయ్యోయ్, చూశారా? ఆర్లో పెళ్లాం మన హాల్లో! ఇది డెల్మర్ ఎత్తు. అందరికన్నా నీరసంగా ఉన్న మెర్సర్‌ని మనచేత నిలబెట్టించి, నవంబరు ఎన్నికల్లో తేలిగ్గా ఓడిద్దామని!"

కొందరు నవ్వారు. కొందరు ఆమెను ఎగాదిగా చూశారు.

"డెల్మర్‌కి అంత బుర్రే ఉంటే" అంది లవోన్, "ముప్పై ఏళ్లుగా నీ దగ్గర తడిసిన దాణా ఎందుకు కొంటాడు గేలెన్?"

ఈసారి నవ్వు గేలెన్ మీదికి మళ్లింది. అతను ఎర్రబడి, "నవ్వండి, నవ్వండి" అని గొణిగాడు.

లెక్క మొదలైంది. ఒక్కొక్కరు వరసగా తమ అంకె తామే పైకి చెప్పాలి. గవర్నరు గుంపు ముప్పై ఏడు. మేయరు గుంపు ఇరవై తొమ్మిది, మధ్యలో ఒకాయన బాత్రూముకి వెళ్లి వచ్చేదాకా ఆగి మరీ. తర్వాత బుట్ట కింద. మేవిస్ ఒకటి అంది. రెండు. మూడు. లవోన్ ఆఖరున ఉంది. పొయ్యి దగ్గర పాలు చూస్తున్నట్టు తన అంకె వచ్చేదాకా చూస్తోంది. ఎనిమిది. తొమ్మిది.

తలుపు దభాల్న తెరుచుకుంది.

"వదినా!" డెల్మర్ రొప్పుతున్నాడు. "కాఫీ పాత్ర చచ్చిపోయింది! దీపాల్లో కూడా సగం పోయాయి. అరవై మంది కూర్చుని ఉన్నారు, రా!"

లవోన్‌కి తర్వాత తలుచుకుంటే ఒళ్లు మండే సంగతి ఇదే. ఆమె ఏమీ ఆలోచించలేదు. కాళ్లు వాటంతట అవే కదిలాయి. అలారం మోగితే లేచినట్టు, రెండడుగులు తలుపు వైపు పడ్డాయి. వెనక ఎవరో పది అన్నారు. పదకొండు అన్నారు. తర్వాత చప్పుడు లేదు.

"పదకొండేనా?" అన్నాడు వెండెల్. నల్లబల్ల మీద రాసేశాడు. "మెర్సర్ పదకొండు. ఒకరు తక్కువ."

అంతే, కోడిపిల్లల మీద గద్దలు వాలినట్టు వాలారు అటూ ఇటూ గుంపుల వాళ్లు. "రా మేవిస్, మా వైపు రా, మా మూలన వెచ్చగా ఉంది." "పిచ్చిదానా, నీ ఓటు దండగ చేసుకోకు." ఒకాయన అప్పుడే కోటు తొడుక్కుంటున్నాడు.

లవోన్ హాలు మధ్యలో, ఏ గుంపుకీ కాకుండా నిలబడి ఉంది. ముందు తలుపులో డెల్మర్, వెనక బల్ల మీద పదకొండు. ఇంకో నాలుగడుగులు వేస్తే కాఫీ. ఇది ఎనిమిదోసారి.

"ఫ్యాను ఆపండి!" అని ఒక్క అరుపు అరిచింది. "పొయ్యి మీద ఫ్యాను వేశారు, అవునా? రాసి పెట్టా కదా, చక్కెర డబ్బా దగ్గర!"

"జోలీన్ వేసింది, ఆవిరొస్తోందని" అన్నాడు డెల్మర్, బిత్తరపోయి. "కాగితం చూశాం గానీ దాని మీద బిళ్లలు పెట్టాం."

"ఎడం పక్క మీట. ముందు ఫ్యాను ఆపు, తర్వాత లైను వెయ్యి, ఆ తర్వాత పాత్ర. అంతే. నలభై ఎకరాలు దున్నేవాడివి, ఆ మాత్రం చేసుకోలేవూ?"

ఆమె వెనక్కి తిరిగి, రెండడుగులూ వెనక్కి నడిచి, బుట్ట కింద నిలబడింది. "పన్నెండు" అంది.

"చెల్లదు!" గేలెన్ ముందుకొచ్చాడు. "లెక్కయిపోయాక వచ్చిన మనిషి ఎలా చెల్లుతుంది? బల్ల మీద రాసేశారు కూడా!"

"వచ్చిందేమిటి, నేనిక్కడే ఉన్నా. రెండడుగులు కదిలా. మేయరు వాళ్లలో ఒకాయన బాత్రూముకెళ్లి తీరిగ్గా చేతులు కడుక్కుని వస్తే లెక్కపెట్టారు. నేను రెండడుగులకే పనికిరాకుండా పోయానా?"

వెండెల్ నిబంధనల పుస్తకం తీశాడు. పేజీలు తిప్పాడు, కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు. లవోన్‌కి ఆ పుస్తకం లాక్కుని అతని నెత్తిన కొట్టాలనిపించింది. చివరికి పుస్తకం మూసేసి, బ్యాండులో తాళం తప్పినవాణ్ని వెతికినట్టు, నల్లబల్ల కేసి చూశాడు.

"సంతకాలు డెబ్భై ఎనిమిది" అన్నాడు నెమ్మదిగా. "ముప్పై ఏడు, ఇరవై తొమ్మిది, పదకొండు. కలిపితే డెబ్భై ఏడు. తలుపు దాటి ఎవరూ పోలేదు. మరి ఆ మిగిలిన ఒక్క మనిషి ఎవరు గేలెన్?"

గేలెన్ వెనక్కి తన గుంపులోకి నడిచాడు.

తలుపులో డెల్మర్ ఇంకా కదల్లేదు. ఇప్పుడే అతనికి తలకెక్కుతోంది. "వదినా... నువ్విక్కడ... వీళ్లతోనా?" గొంతు తగ్గించాడు. "అన్నయ్య ఉండుంటే ఏమనేవాడు?"

"అన్నయ్యను లాగకు డెల్మర్. చలికాలమంతా ఫోన్లు చేసి ఆయన్నే అడుగుతున్నారు అందరూ. ఆయన పలకలేదు. నేను పలుకుతున్నా."

డెల్మర్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు. వెండెల్ చాక్‌పీసు తీసుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు. మేవిస్ ఒకటి అంది. ఈసారి లవోన్ చెప్పిన పన్నెండు అందరికీ వినపడింది. పదకొండు చెరిపి పన్నెండు రాశాడు. కోటు తొడుక్కున్నాయన విప్పాడు.

పన్నెండు మందికి ఒక ప్రతినిధి దక్కింది. మార్చిలో జిల్లా సభకు వెళ్లి, మెర్సర్ తరఫున రోజంతా కూర్చోవాలి. ఆ మాట వినగానే బుట్ట కింద ఉన్నవాళ్లందరికీ పనులు గుర్తొచ్చాయి. ఒకరికి ఆవులు ఈనే రోజులు, ఒకరికి మోకాలి ఆపరేషన్, మేవిస్‌కి మనవరాలి బాప్తిస్మం. పదకొండు జతల కళ్లు ఒకే వైపు తిరిగాయి.

"నన్ను చూస్తారేం? నేనొచ్చి గంట కూడా కాలేదు!"

"అందుకే నీకింకా విసుగు పుట్టలేదు" అంది మేవిస్.

"విసుగు పుట్టలేదా నాకు!" అంది లవోన్. అయినా కాగితం మీద పేరు రాసిచ్చింది. ఆ సాయంత్రం అది మూడోసారి.

సభ ముగిశాక ఖాళీ పళ్లెం పట్టుకుని వంద అడుగులూ వెనక్కి నడిచింది. కాఫీ పాత్ర చర్చి వాళ్లది, తిరిగి ఇవ్వాలి. భోజనాల గదిలో జనం వెళ్లిపోయారు. జోలీన్ ఆమెను చూసి మొహం తిప్పుకుని కారు వేడి చేస్తానంటూ బయటికి పోయింది. డెల్మర్ చొక్కా చేతులు మడుచుకుని కప్పులు కడుగుతున్నాడు. కడగడమంటే తడపడం.

"చీటీలు అయ్యాయా?" అంది లవోన్.

"అయ్యాయి. నేను వేయలేదు." అతను తల తిప్పలేదు. "ఆ ఫ్యాను మీట వెతుకుతుంటే పంచేసి, ఏరేసి, లెక్కపెట్టేశారు."

లవోన్ తువ్వాలు తీసుకుని అతను తడిపిన కప్పులు మళ్లీ కడగబోయి, ఆగి, తువ్వాలు పక్కన పెట్టింది. చిన్నపిల్లల కోసం చేసిన పొట్టి బెంచీ మీద, మోకాళ్లు పైకి వచ్చేలా కూర్చుంది.

డెల్మర్ ఒక కప్పు నింపి ఆమె ముందు ఠక్కున పెట్టాడు. "తాగు. తాగి చూడు, ఇవాళ మా వాళ్లచేత ఏం తాగించావో."

తాగింది. బురదనీళ్లలా ఉంది, పళ్లలో పొడి తగులుతోంది.

"మూటేదీ?"

"ఏం మూట? ఆ గుడ్డా? ఎవరో అంట్లగుడ్డ మర్చిపోయారనుకుని తీసి పారేసి, పొడి నేనే పోశా."

"దాన్లోనే కదయ్యా కాఫీ అంతా. గుడ్డుతో కలిపి కట్టా."

డెల్మర్ చేతిలో కప్పు ఆగిపోయింది. "కోడిగుడ్డా? కాఫీలో కోడిగుడ్డేమిటి?"

లవోన్ అతని మొహం కేసి చూసింది. ఏడు కాకస్‌లు, ఎన్ని వందల కప్పులో తాగాడు ఈ మనిషి.

"పెంకుతో సహా" అంది.

అతను ఎదురుగా ఇంకో పొట్టి బెంచీ మీద కూలబడ్డాడు. లవోన్ ఆ దిక్కుమాలిన కాఫీని ఇంకో గుక్క తాగింది. ఆ గదిలో తను పెట్టని కాఫీ, తను కూర్చుని తాగిన కాఫీ, అదే మొదటిది. కప్పు చివరిదాకా తాగి, అడుగున మిగిలిన పొడిని చూసి మొహం చిట్లించింది.

"ఎన్ని గుడ్లు?" అన్నాడు డెల్మర్.

"పాత్రకు మూడు. రాసుకో. మళ్లీసారి కాఫీ నువ్వే పెట్టుకోవాలి."